తడి లెక్క తెలిసిన చెయ్యి

అరిసెకు కావలసిన సరుకు మూడు రకాలే: బియ్యం, బెల్లం, నూనె. నువ్వులో గసగసాలో, గరిటెడు నెయ్యి, నాలుగు యాలకులు రుచికీ వాసనకీ తోడు. ఇంత తక్కువ సరుకుతో ఇంతమందిని బెదరగొట్టే పిండివంట తెలుగిళ్లలో ఇంకొకటి కనపడదు. బొబ్బట్లు పల్చగా వత్తేవాళ్లు, మైసూర్‌పాక్ గుల్లగా తీసేవాళ్లు కూడా అరిసెల మాట వచ్చేసరికి ముందు అడిగేది ఒకటే, "పాకం ఎవరు పడతారు?" అని. దానికి జవాబు దొరికాకే బియ్యం నానేస్తారు.

నెల్లూరు జిల్లా పడమటి ఊళ్లలో, ఉదయగిరి దుర్గం కింది పల్లెల నుంచి ఆత్మకూరు దాకా, సంక్రాంతి దగ్గరపడేకొద్దీ ఈ ప్రశ్న ఇంటింటా వినపడుతుంది. మా ఇంట్లో దానికి జవాబు అమ్మ. ఆమె పుట్టిల్లు ఉదయగిరి వైపు, మెట్టినిల్లు ఆత్మకూరు వైపు. పుట్టింటి అరిసె నువ్వులద్దుకుని కాస్త మందంగా ఉండేది. అత్తింటి అరిసె నెయ్యి తగిలి మెత్తగా ఉండేది. అమ్మ చేసేది రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఆమె పక్కన నిలబడి చూస్తే తెలిసేదేమిటంటే, అరిసె చెయ్యడమంటే తడిని లెక్కగట్టడం. నానబెట్టడం, ఓడ్చడం, దంచడం, పాకం పట్టడం, నూనెలో కాల్చడం, చెక్కల మధ్య ఒత్తడం, ఇన్ని పనుల్లోనూ జరిగేది నీటిని ఎంత ఉంచుకోవాలో ఎంత వదిలించుకోవాలో తేల్చుకోవడమే. ఈ లెక్క గ్రాముల్లో దొరకదు. కొలతలు సరిగ్గా వేసినా అరిసె తప్పడానికి కారణం ఇదే.

మెట్టలో బియ్యం విలువ

ఆత్మకూరు దాటి తూర్పుగా సంగం ఆనకట్టకు వస్తే అక్కడి నుంచి దిగువంతా పెన్న నీళ్లు పారే మాగాణి. ఉదయగిరి వైపు తిరిగితే వెలిగొండల దాకా మెట్ట. చెరువు నిండితే వరి, నిండకపోతే జొన్న, సజ్జ. ఒకప్పుడు ఈ వైపు రోజూ వరన్నం తినే ఇళ్లు తక్కువే. బియ్యం పండక్కీ, చుట్టాలొచ్చినప్పుడూ వాడుకునే సరుకు. సజ్జపిండిని బెల్లప్పాకంలో కలిపి అరిసెల్లాగే కాల్చుకోవడం మెట్ట ప్రాంతాల అలవాటు. అలాంటి చోట పండక్కని నానేసిన బియ్యం పాడవడమంటే ఆ ఏటికి తీపి లేకపోవడమే. పాకం దగ్గర అనుభవమున్న చేతికే పెత్తనం ఇవ్వడం చాదస్తం కాదు, పొదుపు.

ఇంకో తేడా కూడా ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వా పంట కోతలు ముగిసి సంక్రాంతికి కొత్త బియ్యం ఇంటికొస్తాయి. నెల్లూరులో ప్రధానమైన వరి ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక నాటి, మార్చి, ఏప్రిల్ నెలల్లో కోస్తారు. కాబట్టి సంక్రాంతి నాటికి ఇక్కడి ఇళ్లలో ఉండేది సాధారణంగా కొన్ని నెలలు నిలవున్న బియ్యం. పాత బియ్యం కొత్తవాటికన్నా ఎక్కువ నీళ్లు పీలుస్తాయి, ఎక్కువసేపు నానాలి. గోదావరి జిల్లా చుట్టం చెప్పిన కొలత మన చేతిలో తిరగబడితే ఆమె కొలత తప్పని కాదు, బియ్యం వేరని.

దుర్గం, తిరుమల, క్రిస్మస్

అరిసె వయసు ఈ ప్రాంతపు కోటలకేం తీసిపోదు. దీర్ఘకాలం ముట్టడించి 1514లో కృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుంచి గెలుచుకున్నాడు. అదే ఏడాది తిరుమల వెళ్లి స్వామికి కానుకలు సమర్పించుకున్నాడు. విజయనగర కాలపు తిరుమల శాసనాల్లో స్వామికి నివేదించే పిండివంటల పట్టీలు కనిపిస్తాయి. అప్పపడి, వడపడి, సుఖియపడి లాంటి వాటి మధ్య మన అరిసె లాంటి అతిరసపడి కూడా ఉంటుంది. బియ్యప్పిండీ బెల్లమూ కలిసిన ఈ వంటకు అయిదు వందల ఏళ్ల కిందటే గుడి లెక్కల్లో చోటు దొరికింది.

దీని బంధువర్గం దేశమంతా ఉంది. తమిళనాడులో అదిరసం, కన్నడ నాట కజ్జాయ, మహారాష్ట్రలో అనర్సె, ఒడిశాలో అరిసా పిఠా, ఉత్తరాఖండ్ కొండల్లో పెళ్లిళ్లకు చేసే అర్సా. తడి బియ్యప్పిండి, బెల్లం, కాగే నూనె అన్నిచోట్లా ఉన్నవే. తేడాలు మధ్యలో వస్తాయి. తమిళులు చలిమిడిని రోజుల తరబడి నిలవుంచి కాలుస్తారు. మరాఠీలు గసగసాల మీద ఒత్తి, ఒకవైపే కాలుస్తారు. మనం పాకం పట్టిన పూటే కాల్చేసి, నూనె పిండేస్తాం.

పడమటి నెల్లూరులో ఈ వంట ఒక్క సంక్రాంతికే పరిమితం కాదు, క్రిస్మస్‌కూ చేస్తారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఆ శతాబ్దం చివరికల్లా ఉదయగిరిలోనూ ఆత్మకూరులోనూ మిషన్ కేంద్రాలు వెలిశాయి. ఇక్కడి క్రైస్తవ కుటుంబాల్లో డిసెంబరు మూడో వారంలోనే బియ్యం నానతాయి. గుమ్మానికి స్టార్ కట్టే రోజుల్లోనే పెరట్లో అరిసెల పొయ్యి పెడతారు. ఇరుగుపొరుగుకు పంపే పళ్లెంలో బేకరీ కేకు ముక్క ఉన్నా, ఆ ఇంటి ఇల్లాలి పేరు నిలబెట్టేది పక్కనున్న అరిసే. క్రిస్మస్‌కు అటు నుంచి ఇటు వచ్చిన పళ్లెం సంక్రాంతికి ఇటు నుంచి అటు వెళుతుంది. రెండింట్లోనూ పాకం ఒకటే.

బియ్యం నుంచి పిండి దాకా

అరిసెకు సన్నబియ్యం కన్నా లావు బియ్యం మేలు. ఉప్పుడు బియ్యం పనికిరావు. వాటిలోని పిండి పదార్థం ముందే ఉడికి ఉంటుంది కాబట్టి పాకాన్ని సరిగ్గా పట్టుకోదు. బియ్యాన్ని కడిగి కనీసం ఒక పగలూ ఒక రాత్రీ నానబెడతారు. నీళ్లు రెండు మూడుసార్లు మారుస్తారు, లేకపోతే పులుపు వాసన వస్తుంది.

నిలవున్న బియ్యంలో తేమ సుమారు 12 నుంచి 14 శాతం ఉంటుంది. బాగా నానాక అది 30 శాతం దాకా పోతుంది. గింజ మెత్తబడుతుంది కాబట్టి రోకటి కింద తేలిగ్గా మెత్తటి పిండవుతుంది. పొడి బియ్యం మర ఆడిస్తే రాపిడికీ వేడికీ పిండి రేణువులు దెబ్బతింటాయి. దెబ్బతిన్న రేణువు నీళ్లు ఎక్కువ తాగి అరిసెను గట్టిపరుస్తుంది. బజారులో దొరికే పొడి బియ్యప్పిండికి నీళ్లు చిలకరించి అరిసెలు చేద్దామంటే కుదరకపోవడానికి కారణం అది.

నీళ్లు ఓడ్చాక బియ్యాన్ని నీడలో పాత పంచె మీద పరుస్తారు. ఎంతసేపని అడిగితే అమ్మ టైము చెప్పదు. అరచేయి బియ్యం మీద ఆనించి ఎత్తుతుంది. గింజలు చేతికి అంటుకోవాలి, చెయ్యి మాత్రం తడవకూడదు. గింజను గోటితో నొక్కితే పొడి కావాలి. ముసురు పట్టిన రోజు ఇందుకు ఎక్కువసేపు పడుతుంది, ఎండ కాసిన రోజు గబగబా అయిపోతుంది. ఈ పరీక్ష నెగ్గిన బియ్యం వెంటనే రోట్లోకో మరకో వెళ్లాలి. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి వంతులవారీగా రోకళ్లు వేసిన రోజులు పోయాయి. ఇప్పుడు పండగ వారంలో మర దగ్గర తడిబియ్యం గిన్నెల వరస కనిపిస్తుంది.

పిండి జల్లించాక పిడికిట్లోకి తీసుకుని నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అది సరైన తడి. ఆ తడి ఆరిపోకుండా పిండిని గిన్నెలో అదిమి, పైన తడిబట్ట కప్పి ఉంచుతారు. మూత తీసి పెట్టిన పిండి అరగంటలో వేరే పిండి అయిపోతుంది.

పళ్లెంలో పాకం

బెల్లం ఎక్కువగా చిత్తూరు వైపు నుంచి వస్తుంది. మరీ తెల్లగా మెరిసే దిమ్మను అమ్మ పక్కన పెడుతుంది, కాస్త ముదురు రంగున్నదాన్నే తీసుకుంటుంది. కిలో బియ్యానికి ముప్పాతిక కిలో బెల్లం ఆమె మామూలు లెక్క. కొట్టిన బెల్లంలో కరగడానికి సరిపడా నీళ్లే పోసి, కరిగాక వడకట్టి ఇసుకా నలకలూ తీసేసి, మళ్లీ పొయ్యి ఎక్కిస్తుంది.

ఇక్కడి నుంచి పొయ్యి వదిలి కదలకూడదు. మొదట్లో పెద్ద పెద్ద బుడగలు లేచి పగులుతాయి. నీరు తగ్గేకొద్దీ నురగ చిక్కబడి, బుడగలు చిన్నవై, చప్పుడు మందగిస్తుంది. పక్కన పళ్లెంలో చల్లటి నీళ్లుంటాయి. కొయ్య చెంచాతో రెండు చుక్కల పాకం అందులో వేస్తారు. లేతదైతే నీళ్లలో కరిగిపోతుంది. ఇంకొంచెం కాగితే తీగలా సాగుతుంది గాని నిలవదు. ఆపైన వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ అవుతుంది. నీళ్లలోంచి తీసి వేలి మీద పెట్టుకుంటే నెమ్మదిగా ఒరుగుతుంది. అరిసెకు కావలసింది అదే. ఇంకా కాగితే ఉండ గట్టిపడి, పళ్లేనికేసి కొడితే టంగుమంటుంది. అది వేరుశనగ ఉండల పాకం, అరిసెలకు పనికిరాదు.

ఈ మెత్తటి ఉండపాకం వేడి సుమారు 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. నీళ్లు మరిగే వేడికి పైనున్న ప్రతి డిగ్రీ పాకంలోంచి కొంత నీరు పోయిందనడానికి గుర్తు. థర్మామీటరు ఉంటే వాడుకోవచ్చు, తప్పేం లేదు. కానీ ఒక్కో దిమ్మ బెల్లంలో చక్కెర పాలు ఒక్కోలా ఉంటుంది, పిండిలో తడి రోజురోజుకూ మారుతుంది. అదీగాక లేతపాకానికీ ముదురుపాకానికీ మధ్య దొరికే వ్యవధి చాలా కొద్ది. "గడియారం చూడమాక, పళ్లెం చూడు" అని అమ్మ అనేది ఇందుకే. ఆరోజు పిండి కాస్త తడిగా ఉందనిపిస్తే పాకాన్ని ఒక పిసరు ముదరనిస్తుంది. పిండి ఆరిందనిపిస్తే ఒక పిసరు ముందే దించుతుంది. పిండిలో ఎక్కువైన నీటిని పాకంలో తగ్గించుకుంటుందన్న మాట. పుస్తకాల్లో రాసే వంట విధానం ఈ రెండింటినీ వేరువేరుగా చెబుతుంది. చేసేవాళ్లకు అవి రెండూ కలిసి ఒకటే లెక్క.

పంచదారకు బదులు బెల్లమే ఎందుకన్నదానికీ జవాబు ఇక్కడే ఉంది. పంచదార దాదాపు పూర్తిగా సుక్రోజ్, చల్లారితే పలుకులు కడుతుంది. బెల్లంలో సుక్రోజ్‌తో పాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా కొంత ఉంటాయి. అవి పలుకు కట్టనివ్వవు. నూనెలో అరిసెకు వచ్చే ఎర్రటి రంగుకూ అవే తోడ్పడతాయి. బెల్లం అరిసె వారం తర్వాత కూడా లోపల మెత్తగా ఉండటం వాటి పుణ్యమే.

చలిమిడి

పాకం పొయ్యి మీంచి దించాక ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆగకుండా కలుపుతారు. నెయ్యి, యాలకుల పొడి ఇప్పుడే పడతాయి. వేడి పాకం తగలగానే పిండి పైపైన కొంత ఉడికి, చలిమిడి సాగే గుణం తెచ్చుకుంటుంది. పిండి మొత్తం ఒకేసారి కుమ్మరించకూడదు. రెండు గుప్పిళ్ల పిండి ఎప్పుడూ చేతిలో మిగిలి ఉండాలి. పాకం లేతదని తేలితే ఆదుకునేది అదే. ముదిరిందని తేలితే కాచిన పాలు కొద్దిగా చిలకరిస్తారు. చూడ్డానికి చలిమిడి కాస్త జారుగా ఉన్నప్పుడే కలపడం ఆపాలి. చల్లారాక అదే బిగుస్తుంది. వేడి మీద సరిగ్గా ఉందనిపించిన చలిమిడి చల్లారాక రాయవుతుంది.

ఈ పనికి ఇనప గరిటె కన్నా కొయ్య తెడ్డు నయం. కొయ్య వేడిని పాకనివ్వదు, చెయ్యి కాలదు, గిన్నె అడుగు గీరుకోదు. కొయ్య పనికి ఉదయగిరి పేరున్న ఊరు. దుర్గం అడవుల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రతో ఇక్కడి కళాకారులు చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతారు. ఉదయగిరి కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పెద్ద ఎత్తున చలిమిడి కలపడానికి ఆ సన్నటి నగిషీ చెంచాలు ఆగవు గానీ, పాకం చుక్క పళ్లెంలో వెయ్యడానికి మా ఇంట్లో వాడేది వాటిలో ఒకటే. లోహపు చెంచా పాకాన్ని తను తాకిన చోట చల్లార్చేస్తుంది. కొయ్య అలా చెయ్యదు కాబట్టి పళ్లెంలో పడ్డ చుక్క గిన్నెలో ఉన్న పాకం సంగతి ఉన్నదున్నట్టు చెబుతుంది.

నూనె, చెక్కలు

నిమ్మకాయంత ఉండ తీసి, నువ్వులద్ది, నూనె రాసిన అరిటాకు మీద ఒత్తి, జారవిడిచినట్టు నూనెలో వేస్తారు. నూనె మధ్యస్థంగా కాగి ఉండాలి. వేసిన అరిసె అడుగుకు దిగి, కాసేపటికి పైకి తేలి పొంగితే వేడి సరిపోయినట్టు. నూనె మరీ కాగితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. చల్లగా ఉంటే అరిసె నూనె తాగుతుంది. నూనెలో విచ్చిపోతే పాకం లేతదని, పగుళ్లు తీస్తే ముదిరిందని అర్థం. మొదటి అరిసె పొయ్యిలో అగ్నిదేవుడికి వెయ్యడం చాలా ఇళ్లలో ఆచారం. ఆ ఒక్కటీ ఎలా వచ్చిందో చూశాకే మిగతా చలిమిడి సంగతి తేలుతుంది. ఆచారంలోనే పరీక్ష కూడా ఉంది.

బాండలిలోంచి తీసిన అరిసెను వెంటనే రెండు చెక్కల మధ్య పెట్టి ఒత్తుతారు. నూనె కారిపోతుంది, అరిసె సమంగా పలచబడుతుంది. చల్లారితే ఒత్తినా నూనె రాదు, అరిసె విరుగుతుంది. ఆ తర్వాత వరిగడ్డి మీదో కాగితం మీదో ఒక్కొక్కటిగా పరుస్తారు. వేడి మీద ఒకదానిపై ఒకటి పేరిస్తే లోపలి ఆవిరి బయటికి పోలేక అరిసె మెత్తబడి బూజుకు దారిస్తుంది. పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టాలి. అరిసెలో మిగిలే కొద్ది నీటినీ బెల్లం తన దగ్గరే పట్టి ఉంచుతుంది, బూజుకు అందనివ్వదు. ఫ్రిజ్ లేని రోజుల్లో కూడా సంక్రాంతి అరిసె మాఘమాసంలో తినగలిగేది అందువల్లే.

ఒక్క చేత్తో కాని పని

ఈ వంట ఒంటరిగా కాదు. పాకం చూసేవాళ్లు ఒకరు, పిండి పోసేవాళ్లు ఒకరు, ఒత్తేవాళ్లు ఇద్దరు, బాండలి దగ్గర ఒకరు, చెక్కల దగ్గర ఒకరు. అందుకే ఈరోజు మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అని వంతులు వేసుకుంటారు. చలిమిడి కలిపే బలం కోసం మగవాళ్లనూ పిలుస్తారు. చదువు చెప్పేది కూడా ఈ గుంపే. పిల్లలకు మొదట దక్కే పని పళ్లెంలో నీళ్లు మార్చడం. అలా మారుస్తూ ప్రతి చుక్కనూ చూస్తారు, వేలితో తాకుతారు. తర్వాత నువ్వులద్దడం, ఆ తర్వాత ఒత్తడం, కాల్చడం. పాకం ఆఖరి మెట్టు. అప్పటికి చూసిన చుక్కలన్నీ వేళ్లకు గుర్తుంటాయి.

ఈ కష్టం వల్లే అరిసెకు మర్యాద. కూతురికి పంపే సారెలో అరిసెలుండాలి. పసివాడు తొలి అడుగులు వేస్తే అరిసెలు చేసి పంచుతారు. చెన్నైకో బెంగళూరుకో హైదరాబాదుకో పోయే పిల్లల సంచిలో బట్టల కన్నా ముందు సర్దేది ఈ డబ్బానే. ఆంధ్ర తీపి వంటల్లో తిరుపతి లడ్డుకు 2009లో, బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరిసెను ఏ ఒక్క ఊరూ తనదని చెప్పుకోలేదు, అంతమందిది అది. కానీ ఎవరిదీ కానిదాన్ని కాపాడే సంఘమూ ఉండదు. దాన్ని నిలబెట్టేది ఇళ్లే.

ఇప్పుడు స్వీటు షాపుల్లో ఏడాది పొడుగునా అరిసెలు దొరుకుతున్నాయి. తీరిక లేనివాళ్లు కొనుక్కోవడంలో తప్పు లేదు, వాటిలో బాగున్నవీ ఉన్నాయి. కాకపోతే కొన్న అరిసెతో తీపి మాత్రమే ఇంటికొస్తుంది, చేసే విద్య రాదు. ఒక తరం కొనుక్కుని గడిపేస్తే తర్వాతి తరానికి పళ్లెం పట్టుకునే పనే ఉండదు.

నేర్చుకోవాలనుకుంటే అరకిలో బియ్యంతో మొదలుపెట్టడం మేలు. అమ్మనో అత్తనో అడిగి కొలతలు రాసుకోండి, కానీ వాటికన్నా ముందు గుర్తులు రాసుకోండి: ఆరిన బియ్యం చేతికి ఎలా తగిలిందో, పిడికిట్లో పిండి ఎలా విడిపోయిందో, పళ్లెంలో ఉండ ఎటు ఒరిగిందో. కొలతలు ఫోన్లో కూడా చెప్పించుకోవచ్చు. తడి మాత్రం పక్కన నిలబడి చేత్తో చూడాల్సిందే. ఈ సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు భోగి నాటి పొద్దుటి బస్సుకు కాకుండా, బియ్యం నానేసే రోజుకే అందుకునేలా టికెట్ తీసుకోండి.